ఫీల్డ్ అనుభవం

ఆ దరఖాస్తు ఫారం తయారు చేసింది నేనే. కాబట్టి జరిగినదాంట్లో మొదటి తప్పు నాది. ముప్పై ఏళ్లు వనపర్తిలో డిగ్రీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పాను. రాతి ముక్క మీద చీటీ అంటించకుండా తెచ్చిన పిల్లవాణ్ణి ఆ ముక్కతో సహా బయటికి పంపిన మాస్టర్ని. పేరు వెంకట్రాములు. నా వెనక పిల్లలు ఏమని పిలిచేవాళ్లో నాకు తెలుసు, ఇక్కడ రాయను. రిటైరైతే కోపం తగ్గుతుందన్నారు. కోపం అలాగే ఉంది. చూపించడానికే మనుషులు తక్కువయ్యారు.

ఫారం ఎందుకు తయారు చేశానంటే, ఈరన్న కోసం. ఈరన్న గద్వాల నుంచి మల్దకల్ పోయే దారిలో ఒక ఊళ్లో కంపెనీలకు విత్తనం కోసం సీడ్ పత్తి పండించే రైతు. ఒక్కగానొక్క కూతురు జయశ్రీ నా దగ్గర డిగ్రీ చదివింది. ఎమ్మెస్సీకి హైదరాబాద్ పోయి, మూడేళ్ల కింద డెంగీ వచ్చి, వారం తిరగకముందే చనిపోయింది. ఇరవై రెండేళ్లు. నా చేతి కింద చదివిన వందల మందిలో రాయిని చూసి నోరు తెరిచి నిలబడ్డ పిల్లలు నలుగురో ఐదుగురో. అందులో ఆమె ఒకతి.

గద్వాల చుట్టుపక్కల చేలల్లో నలుపు కాని ఆకుపచ్చ కాని ఒక రంగులో రాళ్లు కనిపిస్తాయి. అవి ఒకప్పుడు సముద్రం అడుగున పొంగిన లావా. రెండు వందల యాభై కోట్ల ఏళ్లకు పైబడిన మాట. ఈ సంగతి జయశ్రీ ఇంటికి పోయి తండ్రికి చెబితే ఆయన పడీ పడీ నవ్వాడట. "మనకాడ తాగనీకె నీళ్లే లేకపాయె, సముద్రం యాడిది, అగ్గికొండ యాడిది బిడ్డా" అన్నాడట. కూతురు పోయాక ఆ నవ్వు ఆయన్ని వదల్లేదు. దశదిన కర్మ అయిన మర్నాడు మా ఇంటికొచ్చి, వరండాలో చెప్పులు విడిచి నిలబడి, "సారూ, అగ్గికొండల మీద సదివే పిల్లలు ఇంక యాడన్న ఉన్నరా? ఉంటే వాళ్లు తిరగనీకె, చూడనీకె అయ్యే ఖర్చు నేను పెట్టుకుంట" అన్నాడు.

అలా మొదలైంది జయశ్రీ విద్యానిధి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పిల్లల్లో ఏటా ఒకరికి తిరుగుడు ఖర్చు, రాతిని కాగితమంత పలచగా కోయించే ఖర్చు, ల్యాబులో పరీక్ష చేయించే ఖర్చు ఇస్తాం. ఎంపిక చేసేది ముగ్గురం. నేను, నాగర్‌కర్నూల్ వైపు ఒక కాలేజీలో పాఠాలు చెప్పే ప్రేమ్ కుమార్, మాతో ఈరన్న. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. ఈరన్నకు తెలుగు తప్ప రాదు. మేం చదివి చెబితే వింటాడు, చివర్లో సంతకం పెడతాడు. రెండేళ్లు అలాగే నడిచింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఈరన్న ఇంటి వసారాలో కూర్చున్నాం. మూడు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి తీసేయదగ్గది. రెండోది ఉప్పునుంతల కుర్రాడు గోపిది. చక్కగా రాశాడు. మా ఫారంలో ఆరో గడి ఫీల్డ్ అనుభవం గురించి. ఎక్కడ, ఎంతకాలం, ఏం పని అని ఉంటుంది. దాని కిందే, ఆ పని ఎవరి దగ్గర చేశారో వాళ్లు నాలుగు ప్రశ్నలకు జవాబు రాసి, ధ్రువీకరించి సంతకం పెట్టాలి. గోపి మహారాష్ట్రలో లావా కొండల మీద పదిరోజులు తిరిగానని రాశాడు. కింద వాళ్ల ప్రొఫెసర్ సంతకం, ముద్ర.

మూడోది ప్రేమ్ కుమార్ చేతిలో ఉంది. చదువుతూ చదువుతూ నవ్వాడు.

"సార్, ఇది వినండి. ఫీల్డ్ అనుభవం, ఆరు సీజన్లు. చేసిన పని, క్రాసింగ్."

నాకూ నవ్వొచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా చదువులో ఫీల్డ్ అంటే రాళ్లున్న చోటికి పోయి చూడటం, గద్వాల వైపు ఫీల్డ్ అంటే సీడ్ పత్తి చేను. మీది ఎన్నెకరాల ఫీల్డ్ అని అడుగుతారు. కంపెనీ తరఫున చేలు చూడటానికి బండి మీద వచ్చేవాడు ఫీల్డ్‌మ్యాన్. ఇక క్రాసింగ్ అంటే, సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు విప్పి లోపలి కేసరాలు గిల్లేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ మొగ్గకు రుద్దాలి. ఒక్కో మొగ్గకూ అదే పని. రోజుకు వందల మొగ్గలు. చిన్న వేళ్లయితే మొగ్గ చెడిపోదని, చెట్టు ఎత్తుకు సరిపోతారని, ఒకప్పుడు ఆ పనికి పిల్లల్ని పెట్టేవారు.

నవ్వు అయ్యాక నాకు కోపం వచ్చింది. అదీ నా వరస. "ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతూ ఫీల్డ్ అంటే పత్తి చేననుకుందా? ఈ పిల్లకు పాఠం చెప్పిన మహానుభావుడు ఎవరు?" అని కాగితం లాక్కున్నాను.

ఈరన్న మా మొహాలు చూసి తనూ కొంచెం నవ్వాడు. "ఏంది సారూ, గంత నవ్వుతుండ్రు? నాకు గూడ జర చెప్పుండ్రి."

నేను కళ్లజోడు సర్దుకుని, ఉన్నదున్నట్టు తెలుగు చేసి చదివాను. "ఫీల్డ్ అనుభవం. రెండువేల ఎనిమిది నుంచి రెండువేల పదమూడు దాకా, ఆగస్టు నుంచి నవంబరు వరకు, ఆరు సీజన్లు. పని క్రాసింగ్. స్థలం, మల్దకల్ మండలం, ఈరన్న గారి సీడ్ ఫీల్డ్."

ఆ పేరు నా నోట్లోంచి వచ్చాకే నా చెవిన పడింది. ప్రేమ్ కుమార్ నవ్వు ఆపాడు. ఈరన్న మొహం మీది నవ్వు మాత్రం వెంటనే పోలేదు. ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది.

"మల్లొకసారి సదువు సారూ" అన్నాడు.

మళ్లీ చదివాను.

"పిల్ల పేరు?"

"కృప. తండ్రి యేసయ్య. బిజినేపల్లి మండలం."

"యేసన్న బిడ్డ" అన్నాడు ఈరన్న. "ఔ. సన్నగ ఉండె. ఎడమ చేతితోని పని చేస్తుండె. అయ్య అమ్మ పుణెకు మట్టి పనికి పోతే, పిల్లను ఈడ పెద్దమ్మ ఎంట తోలుతుండిరి. చేన్ల పాకల పండుతుండిరి అందరు."

గడప దగ్గర టీ గ్లాసులతో ఆయన భార్య జములమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. "అందరు గట్లనే జేసిండ్రు గద" అంది. ఎవరూ ఏమీ అనకముందే అంది. "మన ఒక్క చేన్లనేనా పిల్లలు? యాల్లకు అన్నం పెట్టినం. ఆ పిల్లకు నెత్తికి నూనె గూడ నేనే రాసిన, పేన్లు పడితే."

"నిన్ను ఎవరన్న అడిగిండ్రా?" అన్నాడు ఈరన్న. గట్టిగా అనలేదు. ఆమె గ్లాసులు అక్కడే పెట్టి లోపలికి పోయింది.

నేను ఫారం మిగతా భాగంలోకి తల దించాను. పుట్టిన సంవత్సరం రెండువేలు. జయశ్రీదీ అదే. అంటే ఈ పిల్ల ఎనిమిదో ఏట చేనులోకి దిగింది. పద్నాలుగో ఏట ఎవరో పట్టుకుని హాస్టల్లో వేస్తే ఏడో తరగతిలో కూర్చుంది. అందుకే ఇరవై అయిదేళ్లకు ఇంకా ఎమ్మెస్సీ. ఫారంతోపాటు ఒక ఉత్తరం ఉంది. ఈ నెలాఖరులోగా ఖర్చుకు దారి దొరక్కపోతే, గద్వాల లావా వదిలేసి క్యాంపస్ వెనక గ్రానైట్ మీద థీసిస్ రాసుకొమ్మని గైడ్ చెప్పారని, తను చూడాలనుకున్న రాయి ఇదొక్కటేనని, ఇది లేకపోతే ఆ చదువుకు తాను వచ్చిన పని సగంలో ఆగినట్టేనని రాసింది. నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయి.

ప్రేమ్ కుమార్ మెల్లగా నా వైపు వంగాడు. "సార్, ధ్రువీకరణ గడి ఖాళీగా ఉంది. సంతకం లేదు. పోయినేడు సంతకం లేదని మీరే ఒకటి పక్కన పెట్టారు. రూల్ ప్రకారం ఇది రాదు."

నిజమే. ఆ రూల్ నాదే. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. సంతకం లేదు, దరఖాస్తు అసంపూర్ణం, గోపికి ఇచ్చేస్తాం, టీ తాగి ఇళ్లకు పోతాం. ఈ ఆలోచన నాకు నచ్చిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. నచ్చింది.

"ఆ పిల్ల యాడ తిరుగుతదంట?" అన్నాడు ఈరన్న. "ఏ రాయి సూస్తదంట?"

పరిశోధన స్థలం రాసిన గడి చూశాను. అదీ అక్కడే. ఈరన్న గారి చేను, తూర్పు గట్టు.

"పిలువుండ్రి" అన్నాడు ఆయన. "ఎల్లుండి. రాయి చూపియ్యనీ."

*

అనుకున్న రోజు పొద్దున గద్వాల బస్టాండులో కృపను నా కారులో ఎక్కించుకున్నాను. పొట్టిగా, ఎండకు నల్లబడిన మొహంతో, భుజాన సంచి, సంచిలోంచి సుత్తి పిడి. పక్కన కూర్చుని, సంచి కాళ్ల మధ్య పెట్టుకుంది. నమస్కారం పెట్టింది. ఊరు దాటేదాకా ఆగి, నేనే అడిగాను.

"ఫీల్డ్ అంటే ఏంటమ్మా?"

"సార్?"

"ఆరో గడిలో రాశావుగా."

ఆమెకు అర్థమైంది. "డిగ్రీల చేరిన కొత్తల మా మేడమ్ రేపు ఫీల్డుకు పోతున్నం అంటే నేను నిజంగ చేనుకే అనుకున్న సార్. పాత బట్టలు కట్టుకొని పోయిన. అందరు నవ్విండ్రు. అప్పుడు తెల్సింది ఫీల్డ్ అంటే ఇది అని."

"మరి తెలిసీ అలా ఎందుకు రాశావు?"

"వేరే పిల్లల లెక్క నేను దూరం యాడికీ పోలే సార్. ఆ బండ నీకెట్ల తెల్సు అని మీరు అడుగుతరు గద. నేనేం చెప్పాలె? పుస్తకంల లేదు, మ్యాపుల లేదు. నాకు తెల్సింది ఆ పనిలనే."

"నిధి ఎవరిదో తెలుసా?"

"తెల్సు సార్. కాలేజీల పోస్టర్ అంటించిండ్రు గద, జయశ్రీ ఫోటోతోని. మేం చేన్లకు పోయే టైంకు ఆమె బడి బస్సు ఎక్కుతుండె. తెల్సే రాసిన. రాసి, రెండు దినాలు కవరు మూయలే. కొట్టేద్దామనుకున్న. కొట్టేస్తే ఇంక ఏం రాయాల్నో తెల్వలే."

ఆ చేనుకు కిలోమీటరు దూరంలో నేను కనీసం పదిసార్లు పిల్లల్ని బస్సులో తీసుకుపోయాను. ఆగస్టులో, సెప్టెంబరులో. కిటికీలోంచి పత్తి చెట్ల మధ్య చిన్న తలకాయలు కనిపించేవి. కుడివైపు గుట్టలు చూడండి, అవే ముఖ్యం అని చెప్పేవాణ్ణి. ఎడమవైపు ఎవరున్నారో నాకు తెలుసు. తెలిసే కుడివైపు చూపించాను.

చేనులో పత్తి కట్టెలు పీకేసి ఉన్నాయి. తూర్పు గట్టు మీద ఈరన్న తెల్ల తువ్వాలు తలకు చుట్టుకుని ఒక్కడే నిలబడి ఉన్నాడు. కృప దూరం నుంచే చెప్పులు విడిచింది. చేనులోకి చెప్పులతో దిగడం ఆమెకు అలవాటు లేదు. తర్వాత ఏమనుకుందో, మళ్లీ తొడుక్కుంది.

"నమస్తే పెద్దయ్యా."

"వచ్చినవా బిడ్డా" అన్నాడు ఈరన్న. ఆయన చూపు ఆమె ఎడమ చేతి మీద ఉంది.

గట్టు మీద సర్కారు తుమ్మ దట్టంగా పెరిగి ఉంది. ఒకచోట కొమ్మలు కొత్తగా నరికి ఉన్నాయి. పొద్దున్నే ఆయనే నరికాడని తర్వాత తెలిసింది. వెనక మనిషి నడుము ఎత్తున బండ. ముప్పై ఏళ్లు ఈ ప్రాంతపు రాళ్ల గురించి పాఠాలు చెప్పినవాణ్ణి, దీన్ని ఎప్పుడూ చూడలేదు.

"మేం అన్నం దినేది ఈడనే సార్" అంది కృప. "కుండల బండ అంటుంటిమి."

చూడగానే ఆ పేరెందుకో అర్థమైంది. కుండలు పేర్చి పక్కకు ఒరగబెట్టినట్టుంది. దిండు లావా. నీళ్లలోకి పొంగిన లావా పైపొర చల్లబడి ముద్దలు ముద్దలుగా ఉబ్బి, ఒకదాని మీద ఒకటి పడితే ఇలా అవుతుంది. పుస్తకాల్లో బొమ్మలు చూపించి మార్కులు వేసిన విషయం.

ఆమె బండ ముందు గొంతుక్కూర్చుని ఒక ముద్ద అంచు వెంట వేలు పోనిచ్చింది. మాట మారింది. నా వైపు చూడటం మానేసి రాయితో మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"ప్రతి కుండకు ఒక దిక్కు గుండ్రంగ ఉంది సార్, ఇంకో దిక్కు కొస తేలింది. కొస ఎప్పుడూ రెండు కుండల సందుల ఇరుక్కుంటది. అంటే కొస ఉన్న దిక్కు కింద, గుండ్రం ఉన్న దిక్కు మీద. ఈడ గుండ్రటి మూపులన్నీ తూర్పుకున్నయి. గట్టు అవతల, బాయి దగ్గర ఇంకో బండ ఉంటది. దాన్ల మూపులు పడమటికి. నడుమ ఏదో తిరగబడింది. అది ఎట్ల తిరగబడ్డదో చూడాలె. దానికే నాకు ఖర్చు గావాలె."

"రెండో బండ సంగతి ఎప్పుడు చూశావు?"

"చిన్నప్పుడే సార్. నీళ్లకు పోయినప్పుడు. ఈ కుండలు ఈ దిక్కు, ఆ కుండలు ఆ దిక్కు ఎందుకు పండినయి అని. లావా అని తెల్వదు. ఎవరో పేర్చిండ్రు అనుకున్న. పేర్చినోళ్లు గట్లెందుకు పేర్చిండ్రో అర్థం గాలే."

లావా పుట్టిననాడు ఏది పైన ఏది కింద అన్నది తేల్చడానికి మేము డిగ్రీ చివరి ఏడు దాకా పిల్లలకు నేర్పుతాం, సగం మందికి రాదు. ఈ పిల్ల పదేళ్లప్పుడు, బడి లేకుండా, అన్నం తినే టైములో పట్టుకుంది. మేం మొన్న వసారాలో నవ్వింది దీన్ని చూసి. ఈరన్న వైపు చూశాను. ఆయన రాయిని చూడటం లేదు. భూమి వైపు చూస్తున్నాడు.

"నీకు నా మీద కోపముందా బిడ్డా?" అన్నాడు.

కృప లేచి చేతులు దులుపుకుంది. "కోపం సంగతి మాట్లాడనీకె రాలే పెద్దయ్యా" అంది. "సంతకం కోసం వచ్చిన."

సంచిలోంచి ఫారం కాపీ ఒకటి తీసింది. ఖాళీ గడి మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుని ఉంది. "నేను పని జేసింది నీ దగ్గరనే గద. వేరేటోళ్లు పెడితే చెల్లదు. సంతకం లేకపోతే సార్ తీసుకోరు." ఆ చివరి మాట నా గురించి. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ఈరన్న కాగితం తీసుకున్నాడు. నేను ఆయన్ని పక్కకు పిలిచాను. చెప్పాల్సిన మాట చెప్పకపోతే అదొక తప్పు. "ఈరన్నా, ఇది నోటిమాట కాదు, కాగితం. ఎనిమిదేళ్ల పిల్లతో పని చేయించానని నీ చేత్తో నువ్వు రాసి సంతకం పెట్టినట్టు. రేపు ఎవరి చేతిలోనైనా పడొచ్చు. పరువు సంగతి అటుంచు, కేసు కూడా కావచ్చు. కావాలంటే ఆ గడి నేను తీసేస్తాను. రూల్ నాదే, మారుస్తాను."

"ఈమె కోసం తీస్తవా సారూ, నా కోసం తీస్తవా?"

నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

"ఉండనీ" అన్నాడు. "ఏమేం అడిగిండ్రో చెప్పు."

బండ మీద తువ్వాలు పరిచి, దాని మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. నా పెన్ను ఇచ్చాను. కృప దూరంగా పోయి నిలబడింది. నేను ఒక్కొక్క ప్రశ్న తెలుగులో చెప్పాను. ఆయన తెలుగులోనే రాశాడు. అయిదో తరగతి దాకా చదివిన మనిషి. అక్షరాలు పెద్దవిగా, గీత దాటి పోతూ ఉన్నాయి.

దరఖాస్తుదారు మీకు ఎంతకాలంగా తెలుసు? రాశాడు. పని మొదలుపెట్టినప్పుడు వయసు? రాసేముందు తలెత్తి కృపను అడిగాడు. "ఎనిమిదేనా బిడ్డా?"

"ఎనిమిదే."

"జయశ్రీ అప్పుడు మూడో తరగతి" అన్నాడు. ఎవరితోనూ అనలేదు. ఎనిమిది అని రాశాడు. రోజుకు ఎన్ని గంటలు? వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, పది అని రాసి, కొట్టేసి, పదకొండు అని రాశాడు.

చివరి ప్రశ్న నేను ఎంతో ఆలోచించి పెట్టుకున్నది. ప్రొఫెసర్లు ఊరికే పొగిడి పంపిస్తారని, వాళ్లను నిలబెట్టి అడగాలని పెట్టాను. "దరఖాస్తుదారుకు ప్రకృతిని స్వయంగా గమనించే ఆసక్తి ఉందా? మీ కంటితో చూసిన ఒక ఉదాహరణ ఇవ్వండి."

ఈరన్న పెన్ను మూత పెట్టాడు, తీశాడు. తెలియదనుకుని, "ఏం లేకపోతే లేదని రాయొచ్చు" అన్నాను.

"ఉంది సారూ" అన్నాడు.

వంగి రాయడం మొదలుపెట్టాడు. నాలుగు వరుసలు రాశాడు. మధ్యలో ఒకసారి ఆగి, తువ్వాలు కొసతో కళ్లు తుడుచుకుని, అదే చెయ్యి చొక్కాకు తుడిచి మళ్లీ రాశాడు. సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితం నాకివ్వలేదు. లేచి పోయి కృపకిచ్చాడు.

ఆమె చదువుతుంటే నేను పక్కనుంచి చూశాను. ఇలా ఉంది.

"ఉంది. పని టైముల ఈ పిల్ల పని ఇడిసిపెట్టి బాయికాడ బండ దగ్గర కూసోని రాళ్ల మీద చెయ్యి పెట్టి సూస్తుండె. మొగ్గలు ఎండిపోతున్నయని నేను పత్తి కట్టెతోని కొట్టిన. కొట్టినంక గూడ రాళ్ల దిక్కే సూసింది. ఇది నేను నా కండ్లతోని సూసిన."

కృప మొదటిసారి చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. కాగితం పట్టుకున్న చెయ్యి మాత్రం కిందికి దిగింది. ఇంకెవరైనా అయితే ఏడ్చేవారు, లేదంటే ఆ ముసలాయన చేతులు పట్టుకునేవారు. నేనయితే క్షమించేవాణ్ణేమో, లేక ఆ కాగితం చింపేవాణ్ణేమో. ఆమె ఈ రెండూ చేయలేదు. ఒక వరుస మీద వేలు పెట్టి ఆయనకు చూపించింది.

"రెండుసార్లు, పెద్దయ్యా" అంది.

ఈరన్న ఆమె వైపు చూశాడు. గుర్తు తెచ్చుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. కాగితం తీసుకుని మళ్లీ బండ దగ్గరికి పోయి, కట్టెతోని అన్న మాట పైన 'రెండుసార్లు' అని ఇరికించి రాశాడు. దిద్దిన చోట పక్కన చిన్న సంతకం ఉండాలన్నది కూడా నా రూలే. ఆ సంగతి నేను గుర్తు చేయలేదు. ఆయనే పెట్టాడు.

కృప ఫారం మడిచి నా చేతికిచ్చి, సంచిలోంచి సుత్తి తీసి, "బాయి దగ్గరి బండ గూడ చూస్తరా సార్?" అంది. చూస్తానన్నాను. తనే ముందు నడిచింది. ఈరన్న మాతో రాలేదు. బండ దగ్గరే కూర్చుండిపోయాడు.

బావి గట్టు ఎక్కాక ప్రేమ్ కుమార్‌కు ఫోన్ చేశాను. ఈ ఏటి డబ్బు కృపకని చెప్పాను. సంతకం వచ్చిందా సార్, ఉదాహరణ ఏం రాశారు అని అడిగాడు. మొన్న నవ్విన గొంతే. కాగితం విప్పి నాలుగు వరుసలూ చదివి వినిపించాను, ఇరికించి రాసిన ఆ మాటతో సహా.